ఖాళీ కుర్చీల లెక్క

మొన్న తుక్కుగూడల మా బామ్మర్ది గృహప్రవేశంల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి. చాయ్ తాగుకుంటనే ఇనుండ్రి గానీ, నవ్వి మీద పోసుకోకుండ్రి!

మీకు తెల్సు గదా, శంషాబాద్‌ల నాది టెంట్ హౌస్, మా బిడ్డ పేరు మీదనే. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్త. మా బిడ్డ శ్రావణి బీకాం చదువుతది. ఒకరోజు దుకాణానికొచ్చి, "బాపూ, మన ఆస్తి ఎంత? ఏడాదికి కిరాయి ఎంతొస్తది?" అని అడిగి, ఫోన్ల టకటక భాగించింది.

"అసెట్ టర్నోవర్ రేషియో శాన తక్కువుంది బాపూ. మనం పెట్టిన రూపాయి ఆస్తి ఎన్ని రూపాయలు తెస్తున్నదో చెప్పే లెక్క ఇది."

"మరి పెరగాల్నంటే?"

"బుకింగులన్న పెంచాలె, ఖాళీగ ఉన్న ఆస్తినన్న తగ్గించాలె."

బుకింగులు పెంచాల్నంటే ఊర్లెంబడి తిరగాలె. తగ్గించుడైతే కూసున్న కాడనే అయితది! గోదాంల చూస్తే సగం కుర్చీలు దుమ్ము పట్టి ఉన్నయి. మనుషులు కూసోవాల్సిన కుర్చీలు, అవే కూసున్నయి! మామిడిపల్లిల ఇంకో టెంట్ హౌస్ నడిపే జహంగీర్ భాయ్‌ని పిలిచి, ఆ సగం వచ్చిన కాడికి అగ్గువకు అమ్మేసిన. మీదికెల్లి ఆయనకు క్లాస్ గూడ పీకిన. "భాయ్, ఖాళీగ కూసునే ఆస్తి రేషియోను పాడు చేస్తది. యాద్ పెట్టుకో!" ఆయన చాయ్ తాగుకుంట బుద్ధిగ తలూపిండు.

బిడ్డ మళ్ల లెక్క చేసింది. రేషియో పెరిగింది! నా ఛాతీ గూడ పెరిగింది. ఇంటామెకు మాత్రం చెప్పలే. ఆ కుర్చీలు ఆమె చీటీ ఎత్తి కొనిపిచ్చినయి మరి.

ఇగ గృహప్రవేశం దగ్గరికొచ్చింది. "నా తమ్ముని ఫంక్షన్‌కు కుర్చీలన్నీ మనయే, ఒక్క పైస తీస్కోము" అని ఇంటామె పుట్టింటోళ్లందరికి చెప్పేసింది. నేను గూడ దర్జాగ "అదెంత పని!" అన్న. తెల్లారితే ఫంక్షన్ అనంగ గోదాం తెరిచిన. ఏమున్నది? నేల ఉన్నది! మిగిలిన సగం కుర్చీలు ఎప్పుడో అడ్వాన్స్ తీసుకున్న పెండ్లికి పోయినయి. ముహూర్తం మంచిదైతే అందరికీ మంచిదే గదా! టెంట్ హౌస్ సామానుకు ఏడాదంత నిద్ర, ముహూర్తం రోజు కరువు. ఇన్నేండ్ల సంది ఈ ధంధల ఉండి, గా ముచ్చటే మర్చిపోయిన.

గాబరగ జహంగీర్ భాయ్‌కి ఫోన్ కొట్టిన. "భాయ్, జర కుర్చీలు పంపు."

"పంపుత అన్నా. ముహూర్తం రేటు పడ్తది మల్ల."

పడనీ అన్న. ఇజ్జత్ కా సవాల్!

పొద్దుగాల కుర్చీలు దిగినయి. చూస్తే ఒక్కొక్క దాని వెనకాల ఎర్ర రంగుతోని మా బిడ్డ పేరు, నా ఫోన్ నంబర్! నేను అమ్మినయే! చుట్టాలంత "బావంటే గిట్లుండాలె" అంటుంటే ఇంటామె మురిసిపోతున్నది.

"ఏందయ్యా, కుర్చీలు మెరుస్తున్నయి, కడిగిపిచ్చినవా?" అన్నది.

అప్పుడే నెత్తి మీదికెల్లి విమానం పోయింది. నేనేం గొణిగిన్నో ఆమెకు వినపడలే. బతికిపోయిన అనుకున్న.

ఏడ బతుకుడు! సాయంత్రం జహంగీర్ భాయ్ ట్రాలీ ఆటో తెచ్చి కుర్చీలు ఎక్కిస్తుంటే ఇంటామె చూసింది. "ఏయ్ భాయ్! మా కుర్చీలు నువ్వెట్ల తీస్కపోతవ్?" అని ఉరికింది. పుట్టింటోళ్లంత ఆమె ఎన్కనే!

"ఇవి నాయే భాభీ. అన్న నాకు అమ్మిండు. ఇయ్యాల మల్ల కిరాయికి తెచ్చుకుండు."

అందరు నా దిక్కు చూసిన్రు. సిగ్గుతోని సచ్చిపోయిన. ఇగ తప్పక బిడ్డ చెప్పిన లెక్క, పెరిగిన రేషియో, అన్నీ కక్కిన. ఇంటామె తిడ్తదనుకున్న. తిట్టలే. నన్ను కాళ్ల నుంచి తల దాకా ఒకసారి చూసి, ఆయన దిక్కు తిరిగింది.

"భాయ్, మా ఇంట్ల ఖాళీగ కూసునే ఆస్తి ఇంకొకటి ఉన్నది. దీన్ని గూడ కొంటవా?"

జహంగీర్ భాయ్ నన్ను ఎగాదిగా చూసి, రెండు చెంపలు వేసుకున్నడు.

"తౌబా భాభీ! నా రేషియో పాడైతది."