తోడికోడలి పెరుగు

మా గేదె, మా తోడికోడలి గేదె ఒక్క తల్లి పిల్లలే. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇంటికొకటి వచ్చింది. పొలమూ చెరిసగం వచ్చింది. మా వాటా చేపల చెరువు చేసేశాం, వాళ్లు వరి ఉంచుకున్నారు. అక్కడే వచ్చింది తంటా.

ఆవిడ పెరుగు గిన్నె బోర్లించినా జారదు. నా పెరుగులో గరిటె వేస్తే నీళ్లు తేలతాయి. మా మామగారు పెద్దకొడుకు ఇల్లని మా దగ్గరే ఉంటారు. ఉంటే ఏం లాభం? నా చారన్నం తిని, ఎంగిలి చేత్తోనే కంచం పట్టుకుని పక్కింటికి వెళ్లి, పెరుగన్నం అక్కడ తినొస్తారు. వీధిలో అందరూ చూస్తుండగా! నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు మెల్లగా అననే అన్నారు.

"భోజనం మొత్తం అక్కడే కానిచ్చేస్తానమ్మా, నీకూ శ్రమ తగ్గుతుంది."

శ్రమట! పెద్దకోడలు ముసలాయనకి ఇంత ముద్ద పెట్టలేకపోయిందని ఊరంతా అనుకోదూ?

పంతం పట్టాను. దాణా బస్తాలు దింపించాను. తవుడు రెట్టింపు చేశాను, కుడితిలో మిగిలిన అన్నమంతా కలిపాను. కొన్న ఎండుగడ్డిలో బలమేముందిలే అని అది తగ్గించేశాను. పాలు పెరిగాయి. హమ్మయ్య అనుకుని తోడు వేస్తే పెరుగు ఇంకా పలచన! పైగా గేదె పేడ జారుగా వేస్తోంది, మేత పెడితే మొహం తిప్పేసుకుంటోంది.

పశువుల డాక్టరుగారు వచ్చి పొట్ట నొక్కి చూశారు.

"ఏంటండీ, దీనికి రోజూ పెళ్లి భోజనమేనా? నెమరు వేయాలంటే పీచు ఉండాలండి. పాలల్లో వెన్న పట్టేది గడ్డి వల్లేనండి. దాణా తగ్గించి ఎండుగడ్డి కడుపునిండా వెయ్యండి. పైన కాస్త పిల్లిపెసర పడితే ఇంకా మంచిది."

పిల్లిపెసర! వరి కోతకి ముందు గింజలు చల్లితే, కోత అయ్యాక చేనంతా పచ్చగా అల్లుకునే మేత. అది ఎవరి చేలో ఉందో డాక్టరుగారికి తెలియదు, నాకు తెలుసు. నా వాటాలో చేపలున్నాయి. వెళ్లి ఆవిడని అడగడమా? చచ్చినా అడగను.

అడగక్కర్లేకపోయింది. గోడ అవతల నుంచి అంతా విన్నట్టుంది, మర్నాడు పొద్దున్నే నెత్తిమీద మోపుతో వచ్చేసింది మహాతల్లి.

"అక్కా, మాకు ఎక్కువైపోతోందండి. మీ గేదెకి వెయ్యండి."

నవ్వుతూ మరీ ఇచ్చింది. నాలుగు మాటలు దెప్పినా బాగుండేది, నాకూ తిట్టుకోడానికి ఒక సాకు దొరికేది. ఆ మంచితనం చూస్తే ఇంకా కడుపు మండింది. కానీ గేదె నా పంతాన్ని మేయదు కదా, తీసుకున్నాను. ఆ తర్వాత రోజూ తెచ్చింది, వాళ్ల మేటులోంచి ఎండుగడ్డి కూడా.

కొన్నాళ్లకి గేదె తేరుకుంది. ఒక మధ్యాహ్నం మామగారి కంచంలో నా పెరుగు ముక్కగా పడింది. ఆయన కలుపుకుని, కళ్లు మూసుకుని ఆస్వాదించారు.

"ఎంతైనా చిన్నకోడలి పెరుగే పెరుగమ్మా" అన్నారు.

ఇన్నాళ్లకి నా రోజు వచ్చింది. "కాదండీ, ఇది..." అని నోరు తెరిచానో లేదో, పెరట్లో మోపు దింపుతున్న ఆవిడ అక్కడి నుంచే కేక పెట్టింది.

"నాది కాదండి మావయ్యగారూ, అక్క గేదె పాలేనండి!"

ఆ ఒక్క మాటైనా నన్ను చెప్పనివ్వచ్చు కదా!