వరిగడ్డి మీద ఆగే దూరం

మా కారు ఆగదని నాకు మొదటిసారి తెలిసింది 1992 ఆగస్టు పద్దెనిమిదిన, మంగళవారం, నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర. పొద్దుటి నుంచి ముసురు. గాలికి తెగిపడ్డ టేకాకులు తారుకు అంటుకుపోయి ఉన్నాయి. మలుపు తిరగగానే ఎదురుగా ఒక ఎడ్లబండి, మెల్లగా మా వైపే వస్తోంది. మా ఆయన బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. స్టీరింగు కుడికి తిప్పితే కారు ముక్కు ఎడమకే పోయింది. ఎడ్లబండి పక్కనుంచి జారి, తూము గోడ దగ్గరికొచ్చి నిలబడింది. నేను దిగి కొలిచాను. నా చేతిసంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. గోడకూ బంపరుకూ మధ్య తొమ్మిది అంగుళాలు. గోడ అవతల లోయ.

ఎడ్లబండి ఆయన దిగి మా కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "గింత కిందికున్నది ఏం బండి పటేలా? నేలకు పాకుతదా?" అన్నాడు. మా ఆయన నవ్వలేదు. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

ఆ కారు 1969లో వచ్చింది. తెలంగాణ కోసం ఆందోళనలు జరిగి బడులు మూతపడిన సంవత్సరం. నేను అప్పుడే కరీంనగర్‌లో ఆడపిల్లల హైస్కూలులో లెక్కల టీచరుగా చేరాను, చేరీ చేరగానే ఇంట్లో కూర్చున్నాను. కాగజ్‌నగర్‌లో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తన దేశం వెళ్లిపోతూ దాన్ని మా ఆయనకు అమ్మాడు. రెండు తలుపులు, రెండు సీట్లు, పొడుగాటి ముక్కు. పందేలకు వాడే రకమని ఊళ్లో పేరు. మా ఆయన ఆదిలాబాద్‌లో పత్తి కొనేవాడు, సుల్తానాబాద్ దగ్గర మాకు వరి పొలం ఉండేది. ఈ రెండు దారుల్లోనూ ఇరవై మూడేళ్లు అదే కారు. జీపు కొనమంటే వినేవాడు కాదు.

ఘాట్ నుంచి వచ్చిన వారానికి ఒక ఇంగ్లిషు మోటారు పత్రిక పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. అందులో కొత్త రకం బ్రేకుల గురించి ఉంది. గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా, ఒక పరికరం బ్రేకును క్షణంలో ఎన్నోసార్లు పట్టి వదులుతుందట. చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కారు జారదు, తిప్పిన వైపు తిరుగుతుంది.

"మన బండికి గిది పెట్టిస్త," అన్నాడు.

"పాతబండికి పడుతదా?"

"బొంబాయిల దొరుకుతదట. దెబ్బ తిన్న బండ్లకెళ్లి తీసి అమ్ముతరు. లెక్క నువ్వు చెయ్యి. నువ్వు సరే అంటెనే ఉంచుత, లేకపోతే తీసి పారేస్త."

లెక్క నన్ను చెయ్యమన్నాడు. ఈ మాట నేను మర్చిపోలేదు.

మా కారు చూసే మిస్త్రీ ముస్లిం పెద్దమనిషి, ఇరవై ఏళ్లుగా ఆయనే. మా ఆయన చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

"సాబ్, గది వేరే బండి దిమాగు. గా బండి బరువు వేరు, టైర్లు వేరు. మన బండి గురించి దానికేం ఎరుక?"

"పత్రికల మంచిగ రాసిండ్రు కదా భాయ్."

"రాసినోడు మన ఘాట్ ఎక్కిండా? నా మాట వినుండ్రి. నాలుగు కొత్త టైర్లు ఎయ్యుండ్రి, రబ్బర్లు మార్చుత, ఆయిల్ మార్చుత. వానల జర మెల్లగ పోండ్రి. అంతే."

"మెల్లగ పోవుడు నీ సాబ్‌కు వస్తదా?" అన్నాను నేను.

"గది నా దగ్గర రిపేరు కాదమ్మా," అన్నాడు మిస్త్రీ.

ఆయన ఆ పని చేయనన్నాడు. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపువాళ్లు చేస్తామన్నారు. అంతకు ముందే నేను పాత బ్రేకులను కొలిచి పెట్టుకున్నాను. ఊరి బయట పెద్ద కాలువ కట్ట పక్కన బండ్లు తిరగని తారు రోడ్డు ఉంది. సుద్దతో గీత గీసి, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత మీద బ్రేకు తొక్కమన్నాను. అయిదుసార్లు కొలిచి సగటు తీశాను. పొడి రోడ్డు మీద తొమ్మిది మీటర్లు. డ్రమ్ములతో నీళ్లు పోయించి తడి రోడ్డు మీద కొలిస్తే పద్నాలుగు.

1993 జనవరిలో కొత్త బ్రేకులు వచ్చాయి. మళ్లీ అదే గీత, అదే వేగం, అవే నీళ్లు. పొడి మీద తొమ్మిదే. తడి మీద పదకొండు. మూడు మీటర్లు తగ్గింది. పైగా కారు గీత గీసినట్టు నేరుగా ఆగింది. బ్రేకు తొక్కినప్పుడు పెడలు పాదం కింద గడగడ వణుకుతుందని, భయపడి కాలు తీయొద్దని వర్క్‌షాపువాళ్లు చెప్పారు. నేను ఆ మాట మా ఆయన చేత మూడుసార్లు అప్పజెప్పించాను.

మిస్త్రీకి నా కొలతల నోటుబుక్కు చూపించాను, కొంచెం గర్వంగానే. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అంకెలన్నీ చదివాడు.

"తారు మీద కొలిసిండ్రు అమ్మా."

"మరి దేని మీద కొలువాలె?"

"మన రోడ్ల మీద తారొక్కటే ఉంటదా?"

తన మాట చెల్లలేదని ఉడుక్కుంటున్నాడనుకున్నాను. ఉంచుకోవచ్చని మా ఆయనకు చెప్పాను.

ఆ వానాకాలం ఘాట్ మీద పదకొండుసార్లు వెళ్లి వచ్చాం. ఒక్కసారి కూడా జారలేదు. మూడో మలుపు దగ్గర మా ఆయన కావాలని బ్రేకు తొక్కి చూపించేవాడు. పెడలు వణికేది, కారు బుద్ధిగా నిలబడేది. "చూసినవా?" అనేవాడు. నాకు మాత్రం ఆ వణుకు మొదటినుంచీ నచ్చలేదు. పక్కసీట్లో కూర్చున్నా నా అరికాళ్లకు తెలిసేది. దానికి నా దగ్గర కారణం లేదు, కారణం లేని మాట నేను పైకి అనను.

మా వైపు కోతలప్పుడు కల్లం సరిపోని రైతులు కోసిన వరిపనలు తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుతూ పోతే గింజ రాలుతుంది. గడ్డిని పంగలకర్రతో కదిపి, తిరగేసి, మళ్లీ పరుస్తారు. ఇరవై నాలుగేళ్లు నేను ఆ గడ్డి మీదుగానే పొలానికి వెళ్లాను. మా పనలు కూడా అక్కడే పరిచేవాళ్లం. పొడి, తడి అని రెండు గడులు గీసి కొలిచినదాన్ని, ఏటా నెలరోజులు నా చక్రాల కింద ఉండే ఆ గడ్డికి గడి గీయలేదు. అది నాకు రోడ్డులో భాగమైపోయింది.

1993 నవంబరు ఇరవై ఒకటి, ఆదివారం. మా కోతలు చూడటానికి బయలుదేరాం. ఉదయం పదకొండు గంటలు, మంచి ఎండ. వేగం యాభై, ముల్లు నేను చూస్తూనే ఉన్నాను. సుల్తానాబాద్ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు ఎడమ సగమంతా మోకాటి ఎత్తు గడ్డి. ఎదురుగా బస్సు వస్తోంది. ఎడమ అంచున వడ్ల కుప్ప, దాని చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. గడ్డి మధ్యలో ఒకామె వంగి పంగలకర్రతో పనలు తిరగేస్తోంది, వీపు మావైపు.

గడ్డి మొదలైన చోటనే మా ఆయన బ్రేకు తొక్కాడు. పెడలు వణకడం నా కాళ్లకు తెలిసింది. "కాలు తియ్యకుండ్రి!" అని నేను అరిచాను. ఆయన తీయలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. కారు నేరుగా, నింపాదిగా, గడ్డి మీద తేలినట్టు పోతూనే ఉంది. బస్సు హారనుకు ఆమె తల తిప్పింది. ఆమె ముఖం నేను చూశాను. ఆమెదీ నాదీ దాదాపు ఒకే వయసు.

ఆమె ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. మనుషులు పరుగెత్తుకొచ్చారు. మా ఆయనను కొట్టలేదు, తిట్టారు. ఆమెను అదే బస్సులో కరీంనగర్ ఆస్పత్రికి తెచ్చాం. పోలీసులకు మా ఆయన తానే చెప్పుకున్నాడు. ఆమెను బస్సు ఎక్కించే ముందు నేను చేసిన పని ఒకటుంది, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. గడ్డి మొదలైన చోటి నుంచి ఆమె పడిన చోటికి అడుగులు వేసి లెక్కపెట్టాను. ముప్పై ఒక్క మీటర్లు.

ఆస్పత్రిలో ఆమె నాతో అన్నది: "రోడ్డు మీద పరిసింది మేమే కదక్కా. మీరు మాత్రం ఏం జేస్తరు? బండి ఆగలే."

"ఆగాలె," అన్నాను.

"ఆగకపాయె. నా కర్ర ఎవలన్న తీసిపెట్టిండ్రా? కొత్తది అది."

పది రోజుల తర్వాత మా పొలం నుంచి రెండు బండ్ల గడ్డి తెప్పించి, కాలువ కట్ట రోడ్డు మీద మోకాటి ఎత్తున పరిపించాను. మిస్త్రీని రమ్మన్నాను. కొత్త పరికరానికి ఒక ఫ్యూజు ఉంది, అది పీకేస్తే బ్రేకులు పాతవాటిలాగే పనిచేస్తాయి. నలభై వేగంతో, ఫ్యూజు ఉంచి అయిదుసార్లు, తీసి అయిదుసార్లు. కారు మిస్త్రీ నడిపాడు. మా ఆయన గట్టు మీద కూర్చున్నాడు.

ఫ్యూజు ఉంటే ఇరవై మూడు మీటర్లు. తీస్తే పదిహేడు.

చక్రం బిగుసుకున్నప్పుడు గడ్డిని ముందుకు నెట్టి, కుప్ప చేసి, కింద తారును పట్టుకుంటోంది. తిరుగుతూ ఉన్నప్పుడు గడ్డి మీదే ఎక్కి పోతోంది. వేగం యాభై అయితే దూరం ఒకటిన్నర రెట్లకు కాస్త పైన. పదిహేడు కాస్తా ఇరవై ఆరున్నర అవుతుంది. ఇరవై మూడు కాస్తా ముప్పై ఆరు అవుతుంది. ఆమె ముప్పై ఒకటి దగ్గర ఉంది.

మిస్త్రీ నోటుబుక్కు చూసి, మూసి నాకు తిరిగి ఇచ్చాడు. ఆయన ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు: "పాత బ్రేకులే ఉంటే ఆగునా?"

"ఆగును. ఆమెకు నాలుగున్నర మీటర్ల ఇవతల."

"మరి తీసేద్దామా?"

"ఘాట్ మీదికి పోరా?"

"పోవాలె కదనే."

"వానల ఉండాలె. గడ్డి మీద ఉండొద్దు."

అలా ఒక పద్ధతి పెట్టుకున్నాం. దసరా దాటాక కోతలు మొదలవగానే ఫ్యూజు పీకి నాకు ఇచ్చేవాడు, వానలు పడేముందు నేను తిరిగి ఇచ్చేదాన్ని. తేదీలు రాసుకునేదాన్ని. ఆ ఫ్యూజు పోపుల డబ్బాలో ఆవాల పక్కన ఉండేది. రోజూ పోపు వేసేటప్పుడు కనబడేది. ఆమె కర్ర ఊతంతో నడుస్తోందని అప్పుడప్పుడు కబురు వచ్చేది.

మరుసటి ఏడాది, 1994 నవంబరులో, కోతల మధ్యలో వాన పట్టుకుంది. మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున పాలేరు కబురు పంపాడు, కోసిన వరి నీళ్లలో ఉందని, దారి పొడుగునా పనలు రోడ్డు మీదికి ఎక్కించారని. మా ఆయన చెప్పులు వేసుకున్నాడు.

"బస్సుల పోండ్రి."

"బస్సు పొలందాక పోతదా? గంత దూరం నేను నడువాల్నా?" వంటింటి గడప దగ్గర నిలబడి చేయి చాపాడు. "చెప్పు. ఫ్యూజు పెట్టాల్నా, వద్దా?"

పోపుల డబ్బా తెరిచాను. తడి రోడ్డుకు ఉంచాలి. గడ్డికి తీయాలి. తడిసిన గడ్డికి నా దగ్గర అంకె లేదు.

"నేను కొలువలే," అన్నాను.

"అందాజుగ చెప్పు."

"అందాజుగ చెప్ప. మీరు పోకుండ్రి."

ఆయన డబ్బాలోంచి ఫ్యూజు తానే తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. పెట్టుకుంటాడో, జేబులోనే ఉంచుకుంటాడో చెప్పలేదు. ఇరవై అయిదేళ్లలో ఆ కారు అంత మెల్లగా గేటు దాటడం నేను చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాడు. నేను వాకిట్లోనే ఉన్నాను. దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మూడుసార్లు తొక్కిన," అన్నాడు. "రెండుసార్లు ఆగింది."

"మూడోసారి?"

ఆయన నూతి దగ్గరికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. నేను కారు ముందుకు వెళ్లి వంగి చూశాను. బంపరుకు, చక్రాలకు తడిగడ్డి చుట్టుకుని ఉంది. నెత్తురు మరక ఉందేమోనని ఒక్కో పోచ తీసి చూశాను. గడ్డి తప్ప ఏమీ లేదు. చీకటి పడ్డాక దీపం తెచ్చి మళ్లీ చూశాను.

లోపలికి వచ్చేసరికి ఆయన కారు తాళం నా నోటుబుక్కు మీద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.