రూతక్క అడిగిన నడక

ఈ ఉదయం ఏడుంబావుకు ప్లంబరు మా వంటింటి సింకు కింద కూర్చుని, రెండు రంగుల పుట్టీ ముద్దలను ఒకే రంగు వచ్చేదాకా అరచేతిలో పిసికాడు. ఆ ఘాటు వాసనకు నేను పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. పైపులు అతికే ఆ పుట్టీతోనే మేము ఒకప్పుడు బొమ్మలకు ఎముకలు చేసేవాళ్ళం. నేర్పిన రూతక్క పోయి కొన్ని నెలలయింది.

నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. బొమ్మను కొద్దికొద్దిగా కదిలిస్తూ, కదిలించినప్పుడల్లా ఒక ఫొటో తీసి, అన్నీ కలిపి అది నడుస్తున్నట్టు చూపించే చిన్న సినిమాలు అక్కడ తయారయ్యేవి. తెలంగాణ ఇంకా రాలేదు. నేను చిల్కానగర్ నుంచి వెళ్ళేదాన్ని. బొమ్మల పనికి పెద్ద రూతక్క. అంబర్‌పేట ఆవిడ. అంతకుముందు క్రిస్మస్‌కు చర్చిలో పెట్టే పశువుల పాక బొమ్మలు చేసేది. అల్యూమినియం తీగను పురిపెట్టడం, ఎముక ఉండాల్సిన చోట పుట్టీ పట్టించడం, వంగాల్సిన చోట తీగను ఉత్తగా వదిలెయ్యడం ఆవిడే నేర్పింది. నా బొమ్మలన్నీ నిటారుగా ఉండేవి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఒక సినిమాలో ఒక అవ్వ వాకిలి దాటి అరుగు మీద కూర్చోవాలి. నేను చేసిన అవ్వను కదిలించి తెరమీద చూశాం.

"ఏందే, అవ్వను పోలీసు పరేడ్‌కు తోల్కపోతున్నవా?" అంది రూతక్క. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "ముసల్దానికి కాలు నొస్తది. నొచ్చే కాలు మీద మనిషి ఎట్ల నడుస్తదో నీకు తెల్వదా? లేసి జర నడువు, సూస్తం."

నవ్వులు ఆగిపోయాయి. చేతులు కడుక్కునే నెపంతో బయటికి వచ్చి, అటునుంచి అటే ఉప్పల్ బస్సెక్కాను. దారంతా చెవులు మండుతూనే ఉన్నాయి.

మర్నాడు వెళ్ళలేదు. సాయంత్రం రూతక్క మా ఇంటికి వచ్చింది. అమ్మ చాయ్ ఇచ్చి, "దీనికి కోపం మస్తు అక్కా" అంది.

"కోపం గాదమ్మా. తప్పు నాదే. అందరి ముంగట అడుగొద్దుండె." చాయ్ పూర్తిగా తాగాక, నావైపు చూడకుండా అంది: "నాకు నడక రాదు బిడ్డా. ఇన్నేండ్లు పాకల పెట్టే బొమ్మలే జేసిన. గొల్లోళ్ళు, రాజులు, అందరు మోకాళ్ళ మీదనే. ఒక్కడన్న నడిసిండా?"

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కానీ తెల్లారి వెళ్ళాను.

రూతక్క అందర్నీ చాయ్‌కి పంపి తలుపు వేసింది. నేను ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాను. ఆవిడ నా కాలును కాదు, నడుమును చూస్తోంది.

"ఆగు. కాలు కన్న ముందు నడుము దిగుతున్నది. మళ్ళ నడువు."

నా నడక గురించి నాకే తెలియని సంగతి అది. దాన్ని దాచుకోవడమే తప్ప ఎన్నడూ చూసుకోలేదు. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవిడ ఓదార్చలేదు, పట్టుకారు చేతికిచ్చింది. అవ్వ చీర విప్పి, నడుము దగ్గర ఒకవైపు పుట్టీ పగలగొట్టి, తీగకు వంగే చోటు ఇచ్చాను.

ఈసారి అవ్వ నడిచింది. కెమెరా పని చేసే శ్రీను, "అరె, అచ్చం మా నాయినమ్మే!" అన్నాడు. అది నా నడకేనని ఎవరూ అనలేదు. అంటారేమోనని అంతసేపూ భయపడ్డాను. అనకపోయేసరికి మనసు చివుక్కుమంది. ఆ రెండింటికీ సిగ్గుపడ్డాను.

"ఇగ కూసోబెట్టు దాన్ని, అలిసిపోయింది" అంది రూతక్క.

ఆవిడ పోయిన రోజు అంబర్‌పేటలో ఆవిడ శవపెట్టె వెంట సమాధుల తోట దాకా నడిచాను. వెనక జనం ఉన్నారు. నన్ను చూస్తున్నారని తెలుసు. సిగ్గు పోలేదు. పోతుందని ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు కూడా. నా నడక ఎవరికీ కనబడకుండా వెనకవాళ్ళందర్నీ ముందుకు పోనిచ్చి ఆఖరున నడవడం మాత్రం మానేశాను.