పది నిమిషాలు ముందున్న గడియారం

మా బిడ్డకు ఉద్యోగం వచ్చింది! జనగామ విత్తనాల సంఘంలో, కంప్యూటర్ల గదిలో, ఒకప్పుడు అక్కడి కంప్యూటర్లు చూసిన మా సారు కూర్చున్న కుర్చీలోనే! ఆ కాగితం చేతికందిన పొద్దుటే మహబూబాబాద్‌లోని సారు ఇంటి నుంచి ఫోన్. సారు పోయారట. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

నేను ఆ సంఘంలో అటెండరును, సారు ఉన్న రోజుల్లో ఇంకా పర్మినెంటు కాలేదు. తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే వండుకు తింటూ వంటావార్పులు చేస్తున్న రోజులు. మా సంఘం, భూపాలపల్లి సంఘం వేరు వేరు. ఎవరి కంప్యూటర్లు వారివి, ఎవరి మనుషుల పేర్లు వారి దగ్గరే. ఇక్కడివాళ్లు అక్కడి స్టాకు చూసుకునేలా, దూరపు లైను మీద ఆ రెండు చోట్ల కంప్యూటర్లకూ నమ్మకం కుదిర్చే పని సారు మీద పడింది. బస్సులు లేవు. అక్కడి మనిషితో ఫోన్లోనే మాట్లాడుతూ, రెండు దిక్కులా ఒకటే రహస్యపు మాట కొట్టించారు.

"గిదేంది సారూ, రెండాఫీసులు ఒకటైతయా?" అని అడిగాను.

చాయ్‌లో సగం నాకు పోసి గాని ఆయన తాగేవారు కాదు. పోస్తూనే అన్నారు: "వియ్యమందుకుంటే రెండిండ్లు ఒకటైతయా తమ్మీ? ఎవలిల్లు వాళ్లదే. గని వియ్యపోళ్లు పంపిన మనిషంటే కుర్చేస్తం గదా. గంతే!"

మా ఆఫీసు గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. సాయంత్రం ప్యాసింజర్ రైలు తప్పిపోకుండా పాత మేనేజరు చేసిన అలవాటు. దాన్ని అట్లా ఉంచడం నా పని. ఒకరోజు సారు వంటావార్పుకు తొందరగా పోతూ, కంప్యూటర్ తెర మూయకుండానే గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. చూస్తే పెద్ద కంప్యూటర్‌లో టైం గోడ మీది కన్నా వెనక ఉంది. టైం మార్చడం మా బిడ్డ బళ్లో నేర్చుకొచ్చి నాకు చూపించింది. ఆఫీసంతా ఒకే టైం ఉండాలని, సారుకు సాయం చేశాననుకొని పది నిమిషాలు ముందుకు జరిపాను.

తెల్లారి భూపాలపల్లి కంప్యూటర్ మా వాళ్లను రానివ్వలేదు. అక్కడి స్టాకు తెలియక, విత్తనాలకొచ్చిన రైతులు కౌంటరు ముందే కూర్చుండిపోయారు. మేనేజరు అందరి ముందే సారు మీద అరిచారు: "నమ్మకం కుదిర్చిన్నంటివి, ఏదయ్యా నీ నమ్మకం?"

సారు మధ్యాహ్నం దాకా వెతికి టైం దగ్గర పట్టుకున్నారు. "ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే ఇవి ఒకదాన్నొకటి నమ్మయి తమ్మీ. దీన్ని ఎవలన్న ముట్టిండ్రా?"

"లేదు సారూ," అన్నాను. తాళంచెవి నా పిడికిట్లోనే ఉంది. కొలువు పోతుందని భయం.

ఆయన మళ్లీ అడగలేదు. తెర తెరిచిపెట్టి పోవడం తన తప్పేనని రాసిచ్చారు. ఆయన్నే తీసేశారు. నన్ను ఉంచారు. తర్వాత భూపాలపల్లి వాళ్లే పిలిచి ఆయనకు పని ఇచ్చారు.

అక్కడి నుంచే మా బిడ్డకు ఫోన్లో ఆ విద్యంతా నేర్పారు, మహానుభావుడు! ఫోన్ ఎత్తగానే మొదటి మాట ఒకటే: "మీ దిక్కు టైం ఎంతయింది తమ్మీ?" నేను చెప్పేవాణ్ణి. "ఆఁ, కలిసింది," అన్నాకే బాగోగులు. అది వట్టి అలవాటో, నన్ను అడుగుతున్న ప్రశ్నో, ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, ఎత్తకముందే నా కళ్లు మా ఇంటి గోడ గడియారం మీదికి పోతున్నాయి.

సంతోషం పంచుకోవలసిన వాళ్లు చాలామంది. లింగాల ఘనపూర్‌లో మా అక్క, జఫర్‌గఢ్‌లో తమ్ముడు, నర్సింహులపేటలో వియ్యంకులు, బిడ్డ మేనమామలిద్దరు. వీళ్లకు ఫోన్ చాలు. మహబూబాబాద్‌లో సారు భార్య దగ్గరికి మాత్రం నేనే పోవాలి. ఉద్యోగం సంగతి చెప్పాలి. దానికన్నా ముందు, గడియారం సంగతి.