సుభద్ర గారు అడిగి వెళ్ళిన అడవి

నాగాయలంక రేవులో పోటు తగ్గి నీరు తీసినప్పుడు బురద వాసన గుప్పుమంటుంది. ఇవాళ ఆ వాసన తగలగానే నా ఆటో వెనక సీటు వైపు చూశాను, సుభద్ర గారు కూర్చున్నారేమోనని. ఆవిడ పోయి చాలా కాలమైంది. బందరులో పంతుళ్ళ కుటుంబంలో పుట్టి, మడ చెట్ల మీద జీవితమంతా పరిశోధన చేసిన శాస్త్రవేత్త. నేను ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి, తర్వాత ఆవిడ జీపు డ్రైవరునయ్యాను. పెద్ద చదువులవాళ్ళని ఆటపట్టించడం నాకు మహా సరదా.

అడవిలోకి వెళ్ళే ముందు ఆవిడ ఒడ్డున ఆగేవారు. అక్కడ పీతలు పట్టుకుని బతికే యానాదుల గుడిసెలున్నాయి. వాళ్ళ పెద్ద పోలమ్మ బయటికి వచ్చేదాకా నిలబడి, “లోపలికి వెళ్ళొచ్చాండీ?” అని అడిగేవారు. ఊరంతా ‘ఒసే’ అని పిలిచే మనిషిని ఈవిడ ‘అండీ’ అంటుంటే నాకు నవ్వాగేది కాదు.

“అడవికి కాలింగ్ బెల్ పెట్టిద్దామాండీ?” అన్నాను ఒకసారి.

“మీ ఇంట్లోకి నేను చెప్పకుండా వస్తే ఊరుకుంటావుటోయ్?”

“మా ఇంట్లో ఎత్తుకెళ్ళడానికేముందండీ, మా ఆవిడ కోపం తప్ప!”

పోలమ్మ గారు పకపకా నవ్వారు. “ఈణ్ణి ఓసారి బురదలో దింపమ్మా, నోరు మూతపడుద్ది.” దిగాను, మోకాళ్ళ దాకా కూరుకుపోయాను. పైకి లాగింది పోలమ్మ గారే.

కొన్నాళ్ళకి అటవీశాఖ వాళ్ళు అడవికి కంచె వేస్తామన్నారు. పీతలవాళ్ళు మొక్కలు తొక్కేస్తున్నారట, ఇక లోపలికి రాకూడదట. మీటింగు పెట్టి, “ఆ మాట మీరు చెబితే చాలండీ, మీ పరిశోధనకి అనుమతి పొడిగిస్తాం” అన్నాడు కొత్తగా వచ్చిన ఆఫీసరు. కంచె పడితే పోలమ్మ గారి ఇంట్లో పొయ్యి వెలగదు. చెప్పకపోతే ఈవిడ పని అక్కడితో ఆఖరు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని లేచారు. “తొక్కిన చోట మొక్కలు మళ్ళీ లేచాయండీ. రొయ్యల చెరువుల కోసం కొట్టేసిన చోట లేవలేదు. ఆ చెరువుల్లో మా మావయ్యదీ ఒకటుంది. కంచె అక్కడ వెయ్యండి.” ముందు వరసలో ఉన్న మావయ్య గారు కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

కంచె ఆగింది. ఆవిడ అనుమతీ ఆగింది. పోలమ్మ గారు రమ్మని కబురు పెడితే వెళ్ళి, గుడిసె ముందు టీ తాగి వచ్చేసేవారు.

“ఎవరు చూస్తారండీ, లోపలికి వెళ్దాం పదండి,” అన్నాను నేను.

“నేను వెళ్తే కేసు వీళ్ళ మీద పెడతారోయ్.” ఆ మాటంటూ చెట్ల వైపే చూస్తున్నారు. నేను వెళ్ళి జీపు వెనక్కి తిప్పాను.

ఇప్పుడు అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళని నా ఆటోలో రేవుకి తీసుకెళ్తుంటాను. “ఈ అడవి ఎవరిదయ్యా?” అంటారు. దేన్నైనా ఎకసెక్కం చేసే నోరు నాది. దానికి మాత్రం తిన్నగా, “ఆ గుడిసెల్లో ఉన్నవాళ్ళదండీ” అంటాను.