మిరప కల్లంలో కె అక్షరం

1982 మార్చి, ఆదివారం మధ్యాహ్నం. ప్రత్తిపాడు దగ్గర మా ఊరి మిరప కల్లం. ఉన్నవాళ్లం: అమ్మ, పక్కింటి అక్క, మరో నలుగురు ఆడవాళ్లు, నేను.

నా చిన్నప్పుడు రాసుకున్న డైరీలో ఆ రోజుకు ఇంతే ఉంది. మిగతాది కళ్లు మూసుకుంటే వస్తుంది. ఎండిన కాయల ఎరుపు ఆకాశం అంచుదాకా పరుచుకున్నట్టుండేది. ఆ ఘాటులో మనుషుల మాటలు కూడా ఎక్కడో దూరాన తేలుతున్నట్టు వినిపించేవి.

నేను ఆరో తరగతి. మర్నాడు ఇంగ్లీషు డిక్టేషన్. 'క' శబ్దానికి సి రాయాలో కె రాయాలో నాకు తెలిసేది కాదు. అప్పటికే రెండుసార్లు తప్పాను. "ఈసారీ తప్పితే పుస్తకాలు అటకెక్కించి నాతో పనికి రావాల్సిందే" అని అమ్మ తేల్చేసింది.

తొమ్మిదితో చదువు ఆగిపోయిన పక్కింటి అక్క అది విన్నది. మేమంతా వరసగా కూర్చుని, ఎర్రకాయలు ముందున్న గోనెపట్టా మీద ఉంచి, రంగు పోయిన తాలుకాయలు వెనక బుట్టలోకి విసిరేవాళ్లం.

"కాయలు చూడకుండానే ఏరతావుగా? ఇదీ అంతేనే. పక్కన ఇ, ఐ, వై అక్షరాలొస్తే కె. వెనక్కి విసురు. ఎ, ఓ, యు వస్తే సి. ముందుంచు" అంది.

కైట్, చెయ్యి వెనక్కి. కప్, ముందుకు. కింగ్, వెనక్కి. కాసేపటికి వరసంతా అందుకుంది.

"మా ముసలోణ్ణి ఎటు విసరాలే?" అంది ఒక పెద్దావిడ.

"ముందు స్పెల్లింగ్ చెప్పు పిన్నీ!" అంది అక్క. అందరూ పగలబడి నవ్వారు.

పొద్దు వాలాక చూస్తే తాలుబుట్ట నిండా మంచి కాయలే. కల్లం మేస్త్రి కేకలేశాడు.

"ఎవరి నిర్వాకం ఇది?"

"నాదేనండి. మొత్తం మళ్లీ ఏరాకే ఇంటికి పోతాను" అంది అక్క. నేనూ కూర్చోబోతే తరిమేసింది. "పోయి రాసుకోవే. డిక్టేషన్ నీకు, నాక్కాదు."

మర్నాడు పొద్దున బడికి పోతూ చూశాను. చేతుల మంట తగ్గక అక్క మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"కేకు?" అనడిగింది.

"మొదట సి, తర్వాత కె."

"ఇంక పో."

ఆ ఉదయం మేష్టారు నా పుస్తకంలో ఒక్క ఎర్రగీతా గీయలేదు. అమ్మ మళ్లీ అటక మాట ఎత్తలేదు.

తర్వాత నేనూ టీచర్ని అయ్యాను. కొత్త పాఠంలో పొరపాటు చేసిన పిల్లల్ని ఏనాడూ నిలబెట్టలేదు. బడి విడిచాక వాళ్ల పుస్తకాలు ముందేసుకుని, ఆ రోజు కల్లంలో అక్కలాగే, తప్పులు సరిచేస్తూ ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఇప్పటికీ కూర్చుంటున్నాను, మనవరాలి పుస్తకాలతో.