మందు మూతలో టీ

మైపాడు బస్సులో, తిమింగలానికి మీసాలు గొరిగిన నా అనుభవం చుట్టూ కూర్చున్నవాళ్లకి చెబుతున్నాను. ఒడిలో మా నాలుగేళ్ల పాప పురుగుమందు డబ్బా మూతలో ఉత్తుత్తి టీ తాగుతోంది. పక్కసీట్లో ఉన్న గాజులమ్మే అక్క ఆ మూత లాక్కుంది. పాప ఏడుపు అందుకుంది.

“కడిగే ఇచ్చినాలే అక్కా,” అన్నాను.

“నీ తిమింగలాన్నయినా నమ్మతాను గానీ, దీన్ని నమ్మనన్నా. కడిగినా విషం విషమే, పసిబిడ్డ ఒళ్లు తట్టుకోలేదు. మందు కొట్టిన చొక్కాతో కూడా ఎత్తుకోబాక.”

బస్సు ఆగగానే తన సీసాలో నీళ్లతో పాప చేతులు కడిగి, రెండు ఎర్రగాజులు తొడిగింది. పాప ఏడుపు మానింది.

పేరైనా అడగలేదు. ఆ అక్క ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఇప్పుడు మందు కొట్టి వస్తే, పాప ఎదురొచ్చేలోగా పెరటి దారిన స్నానానికి పరిగెడతాను. ఎందుకు నాన్నా అని అడిగితే, మీసాల్లేని తిమింగలం తరుముతోందని చెబుతాను.